రాజు వేషం గొంతు

ముప్పై ఏండ్లు రాజు వేషం కట్టినాను. పావగడ చుట్టుపక్కల నాటకమంటే నన్ను పిలవని ఊరు తక్కువ. గొప్పకు చెప్పడం లేదు, ఇప్పుడు గొప్పలకు ఓపిక కూడా లేదు. నేను పద్యం ఎత్తుకుంటే హార్మోనియం అయ్యవారు నా వెనక పరిగెత్తాల్సి వచ్చేది. జనం "ఒన్స్ మోర్" అంటే, చచ్చి పడుండే వేషమైనా సరే, లేచి మళ్లీ పాడాల. మా పక్క నాటకాలకు అదే మర్యాద. పాడకపోతే పొగరంటారు.

ఇన్నేండ్లలో నా ఆట ఒక్కటీ చూడనిది నా పెండ్లామే. ఇంట్లో ఎనుములు, మంచాన పడిన మా అమ్మ. "వచ్చే ఏడు చూస్తాలే" అనేది. అట్లా అంటా అంటానే షుగరొచ్చి రెండు కండ్లూ పోయినాయి. ఒక్కసారన్నా చెయ్యి పట్టుకుని పిల్చుకోని పోలేదే అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నాటకాలు తగ్గిపోయినాయి. చేను సోలారుకు లీజుకిచ్చినాం. శెనక్కాయ పండించిన చేన్లోనే ఇప్పుడు పలకల కింద గడ్డి కోసే పనికి పోతాండాను. ఆడికే హైదరాబాదు నుంచి సినిమావాళ్లు వచ్చినారు. ముసలి రైతు కావాలంట, చెప్పాల్సింది ఒకే మాట: "ఈ మన్నులోనే మా తాత ఉండాడు, నన్ను యాడికి పొమ్మంటారు?" నన్ను ఎంచుకున్నారు. పెండ్లాంతో చెప్పినా, "చూడకపోతే ఏమి, ఈసారి నా గొంతు వింటావులే" అని. ఆ వారమంతా ఆమెకు అదే మాట. వచ్చినోళ్లందరికీ చెప్పుకునింది.

కెమెరా ముందర బాగానే చెప్పినా. నా కండ్లలో నీళ్లు కూడా తిరిగినాయి. కంచె అవతల మా ఊరోళ్లు నిలబడి చూస్తాండిరి. నా మాట ముగియకముందే ఎవడో "ఒన్స్ మోర్" అని అరిచినాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, కెమెరా తిరుగుతానే ఉండాది, నేను వాళ్ల పక్కకు తిరిగి, చెయ్యెత్తి, రాగం తీసి మళ్లీ చెప్పినాను. ఈలలు వేసినారు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఇంకా మూడుసార్లు చెప్పించినారు. మూడుసార్లూ రాగమే వచ్చింది, ఎక్కిన గొంతు దిగలేదు. "చాలు తాతా, ముఖం ఒక్కటే బాగా వచ్చింది" అని పంపించేసినారు. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మాత్రం బాగా జరిగిందనే చెప్పినా.

సినిమా ఫోన్లోకి వచ్చినాక, ఒక మధ్యాన్నం అన్నం తిని ఆమె పక్కన కూర్చుని పెట్టినా. ఆమె కొంగు సర్దుకుని, నా చేతిలోని ఫోన్ దగ్గరికి చెవి పెట్టింది. ఆట చూసేదానికి వచ్చినట్టే కూర్చునింది. నా ముఖం వచ్చింది. నోరు కదిలింది. గొంతు ఎవరిదో, కోస్తా పక్కోడిది, సన్నగా ఉండాది.

అయిపోయేదాకా కదల్లేదు ఆమె. "నువ్వు యాడా రాలేదే?" అనింది.

"వచ్చి పోయినాను. నా గొంతు తీసేసి ఇంకొకరిది పెట్టినారు."

ముఖం నా పక్కకు తిప్పింది. తర్వాత, "పోనీలే. నువ్వు చెప్పు, నేను వింటా" అనింది.

చెప్పినాను. రాగం లేదు, ఏమీ లేదు. డైరెక్టరు అంతసేపు అడిగింది అదే.

"ఇంకోసారి చెప్పు," అనింది.

ముప్పై ఏండ్లు ఊరూరా జనం అడిగితే కాదనలేదు. ఆ పొద్దు నాకు గొంతు పెగల్లేదు.