గోడకు అతికించిన పుస్తకం

మా అబ్బాను కొట్టడానికి వచ్చినవాళ్లకు చదువు రాదు. అందుకే పెళ్లికార్డును పుస్తకమనుకున్నారు.

దేవరకొండ బజారులో మా అబ్బా చోటే మియాకు చిన్న అచ్చుప్రెస్సు ఉండేది. తొంభై ఒకటిలో అమరేందర్ అక్కడికొచ్చాడు. గుట్టకింది పల్లె భూములు దొర చేతికి ఎట్లా పోయాయో ఇల్లిల్లూ తిరిగి తెలుసుకుని, దాని మీదే పుస్తకం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నవాడు. ఆ పుస్తకం యూనివర్సిటీ బీరువాలో తాళం కింద ఉంది. భూములు పోయినవాళ్లెవరూ దాన్ని చూడలేదు.

"అచ్చేస్తే కొనేటోళ్లు లేరు, మియాభాయ్."

"కొనుడెందుకు? సదివితే సాలు."

అబ్బా మొదటి పేజీలోనే వేశాడు: 'దీన్ని ఎవరైనా చదువుకోవచ్చు, రాసుకోవచ్చు, మళ్లీ అచ్చు వేసుకోవచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు.' అచ్చయిన ప్రతి పేజీనీ ప్రెస్సు బయటి గోడకు అతికించాలనుకున్నాడు.

ఆ పల్లె సాలమ్మ అప్పుడే వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకుంటోంది. ముక్కు గోడకు ఆనించి చూసింది.

"గివి అక్షరాలా, చీమలా? మమ్ముల సదువొద్దంటున్నవా, మియా?"

అబ్బా నవ్వి ఆ కాగితం చింపేశాడు. పెళ్లికార్డులకు వాడే పెద్ద అక్షరాలు తీశాడు. వరుసలు పొట్టివి చేసి, మధ్యలో జాగా వదిలాడు. పెద్ద అక్షరాలు కొన్నే ఉండేవి. ఒక పేజీ విప్పితేగాని ఇంకో పేజీ కూర్చడానికి లేదు. మధ్యలో కార్డులు వస్తే వాటికీ అవే. సాలమ్మా తోటి ఆడవాళ్లూ పలకలు తెచ్చుకుని, గోడ చూస్తూ దిద్దుకునేవాళ్లు.

దొర పేరున్న పేజీ గోడకెక్కిన రోజు ఆయన మనిషి పెద్దులు వచ్చాడు.

"పీకెయ్ మియా. ఊకుంటున్నమని నెత్తికెక్కుతున్నవ్."

"గోడ నాది, పెద్దులన్నా. నీకు సూడబుద్ధి గాకుంటే జర దూరం జరుగు."

మర్నాడు మధ్యాహ్నం గడ్డపారలతో దిగారు. అడ్డం వచ్చిన మా అమ్మను జుట్టు పట్టి వీధిలోకి విసిరారు. బల్ల మీద ఇనుప చట్రంలో బిగించిన అక్షరాలున్నాయి. సీసం అక్షరాలు తిరగేసి ఉంటాయి.

"గిదేనా దొర మీద రాసింది?"

మూతి పగిలి నెత్తురు కారుతున్నా అబ్బా నవ్వాడు. "సదువుకో అన్నా."

పెద్దులు సమ్మెటతో చట్రాన్ని చితక్కొట్టాడు. ఆ ముక్కల మీదే అబ్బా కుడిచెయ్యి పరిచి మళ్లీ కొట్టాడు. మిగతావాళ్లు గోడ కూల్చి, అక్షరాలన్నీ బావిలో పోశారు. అబ్బా అరచేతిలో దిగినవి మాత్రం దొరకలేదు వాళ్లకు. వాటిని నేనే ఏరాను.

బల్ల మీదున్నది దొర బిడ్డ పెళ్లికార్డు, ఈ గొడవకు ముందే అచ్చుకిచ్చింది. సంగతి తెలిసి దొర తన గేటు ముందే పెద్దులును చెప్పుతో కొట్టాడట. ఆ కసితో వాడు గుట్టకింది పల్లె మీద పడ్డాడు. అక్కడ చూస్తే పుస్తకం బతికే ఉంది. ఆడవాళ్లు పలకల మీది పేజీలను ఎర్రటి జాజు పూసిన ఇంటి గోడల మీద సున్నంతో ఎక్కించుకున్నారు, ఇంటికొక పేజీ. పెద్దులూ వాడి మనుషులూ కనిపించిన గోడనల్లా గడ్డపారలతో పొడిచారు. తన గోడ దగ్గరికి రాగానే సాలమ్మ రోకలితో పెద్దులు దవడ పగలగొట్టింది. వాళ్లు ఆమె తల పగలగొట్టారు. ఊరంతా రాళ్లు పట్టుకుని బయటికొచ్చాకే పారిపోయారు. సగం గోడలు మిగిలాయి.

నల్గొండ దవాఖానలో అబ్బా చెయ్యి నల్లబడింది. విషం పైకి పాకిందన్నారు. తలకు కట్టుతో సాలమ్మ వచ్చి మంచం పక్కన కూలబడింది.

"మియా, నీ పుస్తకం మా గోడల మీదుంది."

అబ్బా కళ్లు తెరిచాడు. "అక్షరాలు పెద్దగ రాసిన్రా?"

"బాట మీదికెళ్లి సదవొచ్చు."

"వరుసల నడుమ జాగా?"

"ఇడిసినం. నువ్వు జెర పండుకో, మియా."

తెల్లారేసరికి అబ్బా లేడు.