ఏడిళ్ళ మొక్కు

ఎర్వంద్ బాబాయి పధ్నాలుగేళ్ళుగా ఒకే దారిలో మినీబస్సు నడుపుతున్నాడు. పొద్దున ఏడున్నరకి రాజధాని యెరెవాన్‌లో బయల్దేరతాడు. గార్నీ గుడి, గెఘార్ద్ మఠం, ఆఖర్న లోయలో రాతిస్తంభాలు చూపించి రెండింటికల్లా జనాన్ని వెనక్కి తెస్తాడు. మా ఆఫీసు వాళ్ళు దీన్ని సగంరోజు యాత్ర అంటారు. ఎవరైనా ఆ చోట్ల గురించి అడిగితే, "నాకేం తెలుసు? నాకవి బండి ఆపుకునే మూడు చోట్లు. వివరాలు మా అమ్మాయినడగండి," అని నన్ను చూపిస్తాడు. చదువుకుంటూనే శని, ఆదివారాలు అతని బస్సులో గైడుగా వెళ్తుంటాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు బెరుకు. మొదటి నెలంతా చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని చదివేదాన్ని. అతను అద్దంలోంచి చూస్తూ, "మనే, వెనక్కి తిరిగి చదువమ్మా. కిటికీకి చెప్తున్నావా ఏంటి?" అనేవాడు.

ఆ జూన్ శనివారం నేను బస్సెక్కేసరికి నా సీటు కింద కన్నాలు పొడిచిన అట్టపెట్టె ఒకటి ఉంది. లోపల ఏదో గీరుతోంది.

"కాళ్ళు పైకి పెట్టుకో. కోపిష్టివాడు," అన్నాడు బాబాయి.

"మొక్కు పుంజా? మతాగ్ బలికా?"

"మతాగే. ఎనిమిదింటికి శుషాన్‌ని లోపలికి తీసుకెళ్తారు."

శుషాన్ అతని భార్య. మార్చిలో ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. మూడు నెలలు మందులెక్కించి, ఇప్పుడు కోసి తీస్తామన్నారు. తీయగలిగితే బతుకుతుంది. తీయలేకపోతే ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. బాబాయి మాత్రం గెఘార్ద్‌కి మొక్కుకున్నాడు. ఆపరేషన్ రోజున పుంజు, ఆమె తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చిన రోజున పొట్టేలు. సెవాన్ సరస్సు ఒడ్డున బావమరిది మందలో పొట్టేలుని కూడా ఎంచి, కొమ్ముకి ఎర్రదారం కట్టించి వచ్చాడు.

"నువ్వు ఆస్పత్రిలో ఉండాలి కదా?"

"ఆవిడే పొమ్మంది. 'ఇక్కడుంటే వసారాలో తిరుగుతూ నర్సులతో పోట్లాట పెట్టుకుంటావు, పోయి మొక్కు తీర్చు' అంది. దగ్గర తాగూహి ఉంది." తాగూహి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. "ఇవాళ ముందు గెఘార్ద్‌కే వెళ్తాం. వీళ్ళకి ఏదో ఒకటి చెప్పు."

"ఏం చెప్పను?"

"ఎండని చెప్పు. ఎండ పేరు చెబితే జనం దేనికైనా ఒప్పుకుంటారు."

ఒప్పుకున్నారు. పోలండ్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు, ఆరుగురు. వాళ్ళకి సాయంత్రం విమానం. కొండ ఎక్కుతుంటే పుంజు కూసింది. బుర్రమీసాల పెద్దాయన ముందుకు వంగి, అది భోజనానికా అని అడిగాడు.

"కాదు, అతనూ యాత్రకే వస్తున్నాడని చెప్పు. కాకపోతే వెళ్ళడానికే టిక్కెట్టు, రావడానికి లేదు," అన్నాడు బాబాయి. రెండో మాట నేను చెప్పలేదు.

దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఊరుకుంటే గడియారం చూడాల్సి వస్తుంది. శుషాన్ అల్లికల ఫ్యాక్టరీలో చొక్కాలకి చేతులు కుట్టేదట. ఫ్యాక్టరీ మూతపడ్డాక అతను రష్యా వెళ్ళి పదకొండు వేసవులు రోడ్లకి తారు పోశాడు. పన్నెండోసారి పెట్టె సర్దుకుంటుంటే ఆమె గోడమీద పెళ్ళిఫొటో చూపించి, "డబ్బు పంపడానికైతే నువ్వెళ్ళు. నాతో మాట్లాడ్డానికి ఇతనున్నాడుగా," అందట. పెట్టె దించేశాడు. ఉన్నదంతా పెట్టి ఈ బస్సు కొన్నాడు. సీట్లకి గుడ్డలు ఆమే కుట్టింది. అప్పటినుంచి రోజూ ప్రయాణికులకని ఫ్లాస్కునిండా కాఫీ పోసిచ్చేది. మూడు నెలలుగా ఆ కాఫీ బాబాయే కాస్తున్నాడు. మాడువాసన వస్తుంది. వంట, బట్టలు, ఆమెకి పథ్యం, అన్నీ అతనే.

గెఘార్ద్ చేరేసరికి ఎనిమిదిన్నర. మొక్కు జంతువుకి ముందుగా ఫాదర్ దీవించిన ఉప్పు నాకించాలి. ఫాదర్ లోపల ఎవరి బిడ్డకో బాప్తిస్మం ఇస్తున్నాడు. బాబాయి ఒక చేతిలో ఉప్పు పొట్లం, ఇంకో చంకలో పుంజుతో తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ప్రయాణికుల్ని కొండలో తొలిచిన గదుల్లోకి తీసుకెళ్ళాను. మేం బయటికొచ్చినా అతనింకా అక్కడే ఉన్నాడు. ఉప్పుపొట్లం చెమటకి తడిసిపోయింది.

"ఆ పిల్లకి ఎన్ని పేర్లు పెడుతున్నారో కనుక్కుని రా," అన్నాడు నాతో.

చివరికి ఉప్పు దీవించడం, పుంజుతో గుడి చుట్టూ మూడుసార్లు తిరగడం, వాగు పక్క బండ దగ్గర కోయడం అయ్యాయి. అప్పటికి తొమ్మిదీ ఇరవై. ప్రయాణికులకి మళ్ళీ ఎప్పుడు కలుసుకోవాలో చెప్పాలి కాబట్టి నేను టైము చూశాను.

వాకిట్లో గాతా రొట్టెలమ్మే వర్దుష్‌కి దుకాణం వెనక పొయ్యి ఉంది. ఆమె పుంజుని ఈకలు పీకి, ముక్కలు కొట్టి నీళ్ళలో పడేసింది. మొక్కు మాంసంలో నీళ్ళూ ఉప్పూ తప్ప ఇంకేమీ వెయ్యరు.

"ముసలి పుంజుని తెచ్చావు ఎర్వంద్. ఇది ఉడికేలోపు నేను పోతాను."

"తర్వాత పోదువుగాని. మంట చూడు."

ఆ గంటన్నర ప్రయాణికుల్ని ఆపడం నా వంతు. నా జన్మలో అంతసేపు మాట్లాడలేదు. చెక్కిన శిలువరాళ్ళని ఒక్కొక్కటే చూపించాను. ఊటనీళ్ళు తాగించాను. తెలిసిందంతా అయిపోయాక, ఒకసారి చెప్పిందే ఇంకోలా చెప్పాను. మీసాలాయన భార్య రెండుసార్లు ఆవులించింది.

పావుతక్కువ పదకొండుకి నేను పొయ్యి దగ్గరికి వెళ్ళాను. బాబాయి మూత తీసి, గరిటెతో కాస్త పులుసు ముంచి, ఊది, నోట్లో పోసుకున్నాడు.

"ఉప్పు తగ్గింది," అన్నాడు.

వర్దుష్ అతన్నే చూస్తోంది. ఏం చేశాడో అతనికి అప్పుడు తెలిసింది. మొక్కుకున్న ఇంటివాళ్ళు ఆ మాంసం ముట్టకూడదు. ఒక్క చుక్కయినా సరే. ఏడిళ్ళకి పంచాలి, సొంత ఇంటికి తేకూడదు. వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. మూడు నెలల వంట అలవాటు అతని చెయ్యిని గిన్నె మీదికి లాక్కెళ్ళింది.

"మింగావా?" అంది వర్దుష్.

అతను తలూపాడు.

"పోనీలే. దేవుడు గరిటెలు లెక్కపెట్టుకుంటూ కూచుంటాడా?" అంటూనే ఆమె గరిటె లాక్కుంది.

మేం గార్నీకి వచ్చేదాకా అతను మాటిమాటికీ గడియారం చూస్తూ నడిపాడు. ప్రయాణికుల్ని స్తంభాల గుడి దగ్గర దింపి, మీ ఇష్టమొచ్చినంతసేపు చూడండని చెప్పి, నేను లవాష్ రొట్టెల కట్ట పట్టుకుని అతని వెంట నడిచాను. గిన్నె అతని చేతుల్లో ఉంది. తన ఫోను తీసి నాకిచ్చాడు.

"నీ దగ్గరుంచు. మోగితే నువ్వే మాట్లాడు. ముందు నువ్వు వింటే కొంచెం పలచబడి నాదాకా వస్తుంది."

మొదటింట్లో ముసలామె నేనిచ్చిన రొట్టె చాపి, అందులో మాంసం పెట్టించుకుంది. "ఎవరికోసం నాయనా?"

"మా ఇంటావిడ కోసం."

"మీది ఏ ఊరు?"

"సిటీయేనమ్మా. అసలైతే మార్తూనీ వైపు."

"మార్తూనీ వాళ్ళా? మీ బంగాళదుంపలు బాగుంటాయి. దేవుడు స్వీకరించాలి."

అలా ఐదిళ్ళు అయ్యాయి. ఒకచోట తలుపుకి తాళం. ఇంకోచోట కుక్క ఉంది కానీ మనుషుల్లేరు. ఆరో ఇంటి గేటులోకి అతను వెళ్ళగానే ఫోను మోగింది. తాగూహి. నేను గోడపక్కకి జరిగాను. ఆమె ఏడవడం లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అంతా విని, "నాన్నకి చెప్తాను," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

అతను గేటు దాటి వచ్చాడు. "ఆరు. ఫోను మోగిందా?"

"మోగింది."

"తాగూహేనా?"

"అవును. ఇంకో ఇల్లుంది కదా బాబాయ్. అదయ్యాక చెప్తాను."

అతను నా ముఖంలోకి చూశాడు. గిన్నె చంకకి అదిమి పెట్టుకుని పక్కింటి వైపు నడిచాడు. ఇప్పటిదాకా పరుగులాంటి నడక అతనిది. ఇప్పుడు ఒక్కో అడుగూ చూసి వేస్తున్నాడు.

ఏడో ఇంట్లో బనియనుతో ఉన్న కుర్రాడొకడు తలుపు తీశాడు. "మాకొద్దు పెద్దాయనా, ఇప్పుడే తిన్నాం."

"తిన్నా పుచ్చుకోవాలి బాబూ. మొక్కు."

"తిన్నామంటున్నాగా..."

లోపలినుంచి వాళ్ళమ్మ చెయ్యి వచ్చి కుర్రాణ్ణి పక్కకి లాగింది. "గాడిదా, మొక్కుని వద్దంటావా? ఇంటిమీదకి ఏం తెద్దామని?" రెండు చేతులతో రొట్టె పట్టి మిగిలిన ముక్కలన్నీ పెట్టించుకుంది. "దేవుడు స్వీకరించాలి అన్నా. నీ మనిషి లేచి తిరగాలి."

"మీ నోటి చలవ," అన్నాడు.

మలుపు తిరిగాక గిన్నె గోడమీద పెట్టాడు. "ఇప్పుడు చెప్పు."

మంచిమాటలు వెతికాను. నేను చదివిన పుస్తకాల్లోంచి ఒక్కటీ ముందుకు రాలేదు. "కోసి చూశారట. అంతటా పాకిందట. ఏమీ తియ్యకుండా మళ్ళీ కుట్టేశారు."

"బతికే ఉందిగా?"

"ఉంది. కొన్ని నెలలన్నాడట డాక్టరు. సాయంత్రం ఐదింటిదాకా ఎవర్నీ చూడనివ్వరట."

అతను ఖాళీ గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాడు. "రుచి చూశాను," అన్నాడు. "అంతా సరిగ్గా చేసి, చివర్లో ఎంగిలి చేశాను."

"అది కాదు బాబాయ్. డాక్టరు తొమ్మిదింటికే బయటికొచ్చి చెప్పాడట. ఫోను చెయ్యడానికి తాగూహికే ఇంతసేపు చెయ్యి రాలేదు. తొమ్మిదింటికి నువ్వింకా పుంజుని కొయ్యనే లేదు. నీ తప్పేమీ లేదు."

ఊరట కలిగిస్తున్నాననే అనుకున్నాను.

"తొమ్మిదింటికా?"

"అవును."

"ఫాదర్ కోసం నేను గుమ్మంలో నిలబడ్డప్పుడు."

"అవును."

"అప్పటికే అయిపోయింది."

నేను అతని ఫోను తిరిగిచ్చేశాను.

"మరి ఈ ఏడిళ్ళూ ఎందుకు తిరిగాను మనే?" గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "రుచి చూసినందుకే ఇలా అయిందంటే మోసుకునేవాణ్ణి. నా నెత్తినేసుకుని ఉన్నన్నాళ్ళూ మోసేవాణ్ణి. ఇప్పుడిది ఎవరి నెత్తిన వెయ్యను?"

గుడి వైపునుంచి ప్రయాణికులు చేతులూపుతున్నారు. అతను గిన్నె తీసుకుని, కుళాయి దగ్గర కడిగి, తుడిచి, బస్సులో పెట్టాడు. ఆఫీసుకి ఫోను చేసి వేరే డ్రైవరుని పిలిపిస్తానన్నాను.

"ఎందుకు? ఐదింటిదాకా నేనేం చెయ్యను? లోయ చూడాలిగా వీళ్ళు."

లోయలోకి దారి ఇరుకు, మలుపులు ఎక్కువ. ఎప్పటికన్నా జాగ్రత్తగా నడిపాడు. కింద, గుత్తులుగా పైనుంచి వేలాడుతున్న నల్లటి రాతిస్తంభాల కింద ప్రయాణికులు తలలెత్తి నిలబడ్డారు. మామూలుగా బస్సులోనే కునుకుతీసే మనిషి, ఆరోజు దిగి మా వెనకే వచ్చాడు. స్తంభాల్ని చూడలేదు. నదినీ చూడలేదు. మా అందరికీ నాలుగడుగుల దూరంలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడ్డాడు. మీసాలాయన తన ఫోను ఇచ్చి ఫొటో తియ్యమని సైగ చేశాడు. బాబాయి తీశాడు. చిన్నపిల్ల కళ్ళు మూసిందని ఇంకోసారి తీశాడు. బాగుందా అని వాళ్ళకి చూపించాడు కూడా.

ఒంటిగంట దాటింది. నేను అందర్నీ బస్సు వైపు రమ్మన్నాను. బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకేమైనా చూస్తారేమో అడుగు."

"ఇంకేముంది బాబాయ్? అయిపోయింది కదా."

"నది అవతల పాడుబడ్డ మఠం ఉంది. గంట నడక. చూడనివాళ్ళకి బాగుంటుంది. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదని చెప్పు. నేనుకూడా నడుస్తానని చెప్పు."

అడిగాను. వాళ్ళు గడియారాలు చూసుకున్నారు. చాలా సంతోషం, కానీ అలిసిపోయాం, సాయంత్రం విమానం ఉంది, అన్నారు.

"ఏమంటున్నారు?"

"వద్దంటున్నారు."

"ఇంకోసారి అడుగు. మనే, సరిగ్గా అడుగు. వాళ్ళకి వినబడేలా."

ఇంకోసారి అడిగాను. ఈసారి గట్టిగానే అడిగాను. మీసాలాయన నవ్వి బాబాయి భుజం తట్టి, మీలాంటి మంచి డ్రైవరు మాకెక్కడా దొరకలేదని చెప్పమన్నాడు. నేను చెప్పాను. వాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి సీట్లలో వాలిపోయారు.

బాబాయి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళంచెవి చేతిలోనే ఉంది.

"ఐదింటికి ఇంకా నాలుగ్గంటలుంది," అన్నాడు నాతో. "ఆవిడ అడుగుతుంది. ఏమైందని ముందు నన్నే అడుగుతుంది."

వెనకనుంచి ఎవరో ఏసీ వెయ్యమన్నారు. వేశాడు. తర్వాత బస్సు స్టార్ట్ చేశాడు.