మా సారు రాసిన ఒక్క అంకె

సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పాఠం మధ్యలో ఉన్నాను. మామూలుగా తరగతిలో ఫోన్ ఎత్తను. సారు ఉంటున్న గుంతకల్లు నుంచి వస్తే మాత్రం ఎత్తాలని ఏడాదిగా అనుకుని ఉన్నాను. "పొద్దున కాఫీ తాగినాడు పాపా. కిటికీ తీయమన్నాడు. తీసి తిరిగి చూస్తే లేడు," అన్నారామె. అటువైపు ఆక్సిజన్ యంత్రం ఇంకా మోగుతూనే ఉంది. ఎవరైనా దాన్ని ఆపితే బాగుండుననిపించింది కానీ ఆమెకు ఆ మాట చెప్పలేకపోయాను.

ఇది చదివేవాళ్ళలో ఎక్కువమందికి ఆయన తెలియదు. గుత్తి దాటాక వచ్చే మా మండల కేంద్రంలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ చెప్పారు. పుస్తకాలు రాయలేదు, సన్మానాలు చేయించుకోలేదు. అణువు లోపల ఇంకా ఏముందో వెతికే శాస్త్రం ఒకటుందని నాకు మొదట చెప్పింది ఆయనే. ఆయన గురించి రాయాలంటే ఆయన చేసిన ఒక తప్పు గురించి కూడా రాయాలి. అది ఆయన మాటే. "నేనుండంగా వద్దు, పోయినంక రాయి. మంచి మాటలే రాసేటట్లయితే మాత్రం నాకొద్దు," అన్నారు. అందుకని భయపడుతూనే మొదలుపెడుతున్నాను.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు కాగితంలో చుట్టి పెట్టుకునేవారు. మండల ఆఫీసులో చోటు లేదని వర్షమాపకాన్ని మా కాలేజీ వెనక పెట్టారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులోని నీళ్ళు కొలిచి, పుస్తకంలో రాసి, ఆ అంకెను ఆఫీసుకు పంపడం సారు పని. మా నేల మీద ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ పని సున్నా రాయడమే. సున్నా రాయడానికి కూడా ఆయన మూత తీసి, సీసా పైకెత్తి, వెలుగుకు పట్టి చూసేవారు. ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా అట్లాగే చూసేవారు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ల్యాబులో ఆయనది ఒకటే ప్రశ్న. "చూసినావా, అనుకున్నావా?" లోలకం ప్రయోగంలో నాకు జవాబు సరిగ్గా పుస్తకంలో ఉన్నంతే వచ్చింది. వచ్చిందంటే, నేనే రెండు అంకెలు దిద్ది రప్పించాను. ఆయన నా రికార్డు చూసి ఆ ప్రశ్న వేశారు. గంట కొట్టాక కూడా నన్ను నిలబెట్టి మూడుసార్లు ప్రయోగం చేయించారు. చివరికి జవాబు బాగా తక్కువే వచ్చింది. దాని పక్కన ఎర్ర సిరాతో 'ఇది నీది' అని రాసి సంతకం పెట్టారు. నాకు నచ్చిన జవాబు వచ్చినప్పుడే ఇంకొక తూరి చూడాలని ఆ పొద్దే చెప్పారు.

ఇంటర్ అయ్యాక నన్ను చదువు మాన్పించాలని ఇంట్లో అనుకున్నారు. సారు సైకిలు మీద మా ఊరికి వచ్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు. అమ్మా నాయనా వేరుశనగ కాయలు వలుస్తుంటే తానూ పక్కన కూర్చుని వలుస్తూ మాట్లాడేవారు. మూడోసారి నాయన ఒప్పుకున్నాడు. ఇంతమంది పిల్లలుండగా మన పాప మీదే ఈ సారుకు ఇంత తాపత్రయమెందుకని అమ్మ ఆశ్చర్యపోయింది. నాకది గర్వంగా ఉండేది.

ఆ తర్వాత నేను బెంగళూరులో చదివి, అక్కడే పరిశోధనలో చేరాను. నా పని గురించి కాస్త చెప్పాలి. బి-మెసాన్ అని ఒక బరువైన కణం ఉంది. పెద్ద యంత్రాల్లో కణాలను ఢీకొట్టిస్తే పుడుతుంది, పుట్టీపుట్టగానే విరిగిపోతుంది. ఎక్కువసార్లు మామూలు దారుల్లోనే విరుగుతుంది. లక్షల్లో ఒకసారి మాత్రం, విరిగినప్పుడు వచ్చే ముక్కల్లో ఒక జత ఎలక్ట్రాన్లో, లేదా ఒక జత మ్యూయాన్లో ఉంటాయి. మ్యూయాన్ ఎలక్ట్రాన్‌కు బరువైన తోబుట్టువు. ఇప్పుడున్న సిద్ధాంతం ప్రకారం ఈ రెండు జతలూ సమానంగా రావాలి, ప్రకృతికి వాటి మధ్య తేడా లేదు. సమానంగా రాకపోతే మనకు తెలియని కొత్త కణమేదో లోపల చెయ్యి పెడుతున్నట్టే. సెలవుల్లో గుంతకల్లు వెళ్ళినప్పుడల్లా సారు ఇదంతా తెలుగులో చెప్పించుకునేవారు. ఆయన భార్యకు అర్థమైతేనే నాకు అర్థమైనట్టని ఆయన లెక్క.

మా బృందం అంతకుముందు లెక్కబెట్టినప్పుడు సమానంగా రాలేదు. ఎలక్ట్రాన్ జతలు ఎక్కువగా తేలాయి. లోకమంతా మా వైపు చూసింది. నా డాక్టరేటు ఆ తేడా మీదే వచ్చింది. ఇంకా ఎక్కువ కణాలతో మళ్ళీ లెక్కబెట్టే పని మొదలైనప్పుడు నాకు ఒక చిన్న భాగం అప్పజెప్పారు. కొన్ని వేరే కణాలు యంత్రంలో ఎలక్ట్రాన్ల వేషంలో కనిపిస్తాయి. అవి ఎన్నో తేల్చాలి. తేలిస్తే, మేము ఇన్నాళ్ళూ అనుకున్నదానికంటే చాలా ఎక్కువున్నాయి. వాటిని తీసేస్తే ఆ తేడా మొత్తం కరిగిపోయేలా ఉంది.

పద్ధతి మొత్తం ఖాయమయ్యేదాకా అసలు జవాబును ఎవరూ చూడకుండా మూసి ఉంచుతారు. దాన్ని తెరవడానికి ఇంకా మూడు వారాలే ఉంది. నేను చూసింది మా ప్రొఫెసరుకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. తెరిచాక మాట్లాడుకుందామని, ఇప్పుడు ఆపాలంటే చాలా గట్టి కారణం కావాలని అన్నారు. ఆ నెలలోనే నా ఉద్యోగం పొడిగించాలా వద్దా అన్నదీ తేలాలి. బృందమంతటికీ పంపాల్సిన నివేదిక రాసి, పంపకుండా పది రోజులు దాచుకున్నాను. పంపుదామని వేలు పెట్టినప్పుడల్లా ఇంకొకసారి చదివి మూసేసేదాన్ని. పదకొండో రోజు రైలెక్కి గుంతకల్లు వెళ్ళాను.

అప్పటికే సారు ఊపిరితిత్తులు చెడి, ముక్కుకు ట్యూబు పెట్టుకుని మంచం మీదే ఉన్నారు. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆ వేషం కట్టినవాటిని, చూసినావా, అనుకున్నావా?"

"చూసినా సారూ."

"మల్ల ఇంకేం?"

అందరూ ఒప్పుకున్న అంకె అది, కాదని చెప్పేది నేనొక్కదాన్నే, చెప్పాక నాకు చోటుండదు. ఇదంతా చెప్పి ఆయన నాకు ధైర్యం చెబుతారని ఎదురుచూశాను. ఆయన భార్యను వంటింట్లోకి పంపి తలుపు దగ్గరగా వేయమన్నారు.

"నేనూ ఒక అంకె రాసినా పాపా. మీ మండలం వాన పుస్తకంలో."

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిందది. ఆ ఏడు విత్తనం వేశాక వాన మొహం చాటేసింది. వేరుశనగకు ఊడలు దిగి కాయ కట్టే వేళ. సారు చెల్లెలి పెళ్ళికని, సెలవు పెట్టకుండా, ఎవరికీ పని అప్పజెప్పకుండా మూడు రోజులు వెళ్ళారు. సోమవారం వచ్చి చూస్తే వర్షమాపకంలో కొన్ని నీళ్ళున్నాయి. చుట్టూ నేల పొడిపొడిగా ఉంది. అటెండరును అడగాలి. అడిగితే తాను లేని సంగతి బయటపడుతుంది. అడగలేదు. ఆదివారం పడిన వాన అని రాసి పంపేశారు. రెండు రోజుల తర్వాత అటెండరే మాటల్లో చెప్పాడు, వేప మొక్కలకు పైపుతో నీళ్ళు కొడుతుంటే అందులోనూ పడ్డాయని. అంకె అప్పటికే వెళ్ళిపోయింది. కరువు మండలాలను తేల్చేటప్పుడు వాన లేని రోజులు వరుసగా ఎన్నో చూస్తారు. సారు అంకె ఆ వరుసను మధ్యలో తెంచింది. చుట్టుపక్కల మండలాలు జాబితాకెక్కాయి. మాది ఎక్కలేదు, పంట నష్టానికి సాయమూ రాలేదు.

"ఒక్క మాట చెప్పింటే సరిపోయేది. కొత్త ఉద్యోగం. నోరు రాల్యా," అన్నారు సారు.

నేనప్పుడు ఐదో తరగతి. నాయన ఎండిన చేనును గొర్రెలకు వదిలేసి, బెంగళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయాడు. రెండేళ్ళు ఆయన్ను పండక్కి పండక్కి చూశాను. వచ్చిన ప్రతిసారీ మొదటిరోజు కొత్త మనిషిలా కనిపించేవాడు.

"మా ఇంటికి మూడుతూర్లు వచ్చింది అందుకేనా సారూ?"

ఆయన తప్పించుకోలేదు. "మొదటితూరి అందుకే. తర్వాత నీకోసరమే."

లేచి బయటికి వచ్చేశాను. వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. ఆమె తెచ్చిన టీ అట్లాగే ఉండిపోయింది. స్టేషన్లో ఎండ పడుతున్న బెంచీ మీద కూర్చున్నాను. ధైర్యం అడగడానికి వచ్చి, ఉన్న గురువును కూడా పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఆయన సీసాను వెలుగుకు పట్టి సున్నాలు చూసిన ఆ పొద్దులన్నీ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. రైలు కదిలాక కంప్యూటరు తెరిచి, నివేదికను బృందమంతటికీ పంపాను. ఆయన మీది కోపంతో పంపానో, ఆయన చెప్పింది విని పంపానో నాకు ఇప్పటికీ తెలియదు.

తెరవడం ఆగిపోయింది, దాంతో నా ఉద్యోగం సంగతీ వాయిదా పడింది. నెలల తరబడి నా లెక్కను వేరేవాళ్ళు తిరగేసి మరగేసి చూశారు. సమావేశాల్లో నేను మాట్లాడితే గది బిగుసుకుపోయేది. ప్రొఫెసరు రెండు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత తానే కూర్చుని మొదటి నుంచీ లెక్కబెట్టి, నేను చెప్పినదానికంటే ఇంకొంచెం ఎక్కువే ఉన్నాయని అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆయన గొంతులో తెలిసింది.

ఒక మధ్యాహ్నం జవాబు తెరిచారు. తెర మీద ఎన్నో దేశాల మొహాలు, ఎవరూ కదలడం లేదు. అంకె వచ్చింది. కొలతలో పొరపాటుకు వదిలే హద్దులోపల, రెండు జతల నిష్పత్తి ఒకటి. ఎలక్ట్రాన్లూ మ్యూయాన్లూ సమానమే. సిద్ధాంతం చెక్కుచెదరలేదు. కొత్త కణానికి తలుపు తెరుచుకుందనుకున్న చోట గోడే ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ప్రాజెక్టు ముగిసింది, నా ఉద్యోగం పొడిగించలేదు. దీనికీ నా నివేదికకూ సంబంధముందని నేను అనలేను. ఇప్పుడు అనంతపురంలో ఒక కాలేజీలో పాఠం చెబుతూ, మిగిలిన వేళల్లో ఆ లెక్కలే చేస్తున్నాను.

అన్ని నెలలూ సారుకు ఫోన్ చేయలేదు. ఆ సాయంత్రం చేశాను.

"ఎంతొచ్చింది?" అన్నారు ముందే.

"ఒకటి సారూ."

బాధగా ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఉండాల్సిందే అన్నారు. తర్వాత, "మీ నాయనకు చెప్పినావా?"

"లేదు సారూ."

"చెప్పొద్దు. నేనే చెప్పాల. ఒకతూరి పిల్చుకోని రా."

నాయనను తీసుకువెళ్ళాను. సారు చూడాలంటున్నారని మాత్రమే చెప్పాను. సారు మాట్లాడటానికి ట్యూబు తీసేశారు. నాకు చెప్పిన మాటలే, ఒక్కటీ తగ్గించకుండా చెప్పారు. ఈసారి భార్యను పంపేయలేదు. ఆమె గుమ్మంలో నిలబడి మొదటిసారి విన్నారు.



"ఆ ఆదివారం వాన పల్యా సారూ. నేను చేన్లోనే ఉండా," అన్నాడు నాయన. "లిస్టులో మన పేరు ల్యాకపాయనే అని ఆఫీసుకాడ ఎంతగా అర్చినామో. నువ్వూ ఆడ నిలబడుంటివి గదా?"

"ఉంటి."

"చూస్తా నిలబడుంటివి."

సారు తలూపారు. ఆయనకు ఊపిరి అందడం లేదు, అయినా ట్యూబు ముట్టుకోలేదు. నేను లేవబోయాను. నాయన నాకంటే ముందు లేచి, మంచం మీద పడున్న ట్యూబు తీసి ఆయన చేతికిచ్చాడు.

"పెట్టుకో సారూ. అల్లాడతాండావు."

బయటికొచ్చాక క్షమించావా నాయనా అని అడిగాను. "ఆ రెండేండ్లు యాడనించి తెస్తాడు? చెప్పినాడు. అంతే," అన్నాడు. కానీ ఆ తర్వాత నాకు చెప్పకుండా తానొక్కడే రెండుసార్లు గుంతకల్లు పోయొచ్చాడని అమ్మ చెప్పింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

నాకు చదువిచ్చింది ఆయనే. నాయనను రెండేళ్ళు నాకు దూరం చేసిందీ ఆయన అంకే. ఈ రెంటిలో ఒకదాన్ని తీసేసి ఆయన్ను గుర్తుచేసుకోవడం నాకు చేతకాదు. మూసిపెట్టుకున్నదాన్ని తన చేత్తోనే తెరిచి, ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పి వెళ్ళారు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

సారును మట్టి చేసి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక, నేను లెక్కబెట్టేది ఏమిటో చెప్పమన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. చెప్పాను. లక్షల్లో ఒకసారి వచ్చే రెండు రకాల జతలు, రెండూ సమానంగా రావాలి.

"ఒకటికొకటా?"

"ఒకటికొకటి నాయనా."

"లచ్చల్లో ఒకటి అంటివే. అంత కాసుకోని ఉండాల్నా?"

"కాసుకోవాల."

బయట కోసిన చేలు, రాళ్ళగుట్టలు వెనక్కి పోతున్నాయి. గుత్తి కోట కొండ కనిపించే వేళకు చూస్తే, నాయన చెయ్యి మోకాలి మీద తెరిచి ఉంది. బొటనవేలు చిటికెనవేలి కణుపు నుంచి ఒక్కొక్క కణుపూ తాకుతూ మెల్లగా పైకి పోతోంది. పెదాల మీద నెలల పేర్లు కదులుతున్నాయి, శబ్దం లేదు. పన్నెండో కణుపు, చూపుడువేలి కొస దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టాడు.