తన్నుకోవద్దని చెప్పిన సభ

తొంభైలలో సంగతి. బోట్ల పనికని శ్రీకాకుళం వైపు నుంచి కొన్ని కుటుంబాలు మా ఊరు ఓడలరేవుకు వచ్చి స్థిరపడ్డాయి. వాలీబాల్ ఆడిన ప్రతిసారీ వాళ్ళ కుర్రాళ్ళూ మా కొబ్బరితోటల రైతుల కుర్రాళ్ళూ తన్నుకునేవారు. కుర్రకారుకు శాంతం నేర్పాలని మా పెద్దలు కమిటీ వేసి సభ పెట్టారు.

మర్యాదలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని మాకు మహా గర్వం. ఉయ్యాల్లో పిల్లాణ్ణి కూడా ‘గారు’ అంటాం, వాడు రైతుబిడ్డయితే.

కమిటీ అధ్యక్షులవారు మైకు పట్టుకుని మా కుర్రాళ్ళవైపు తిరిగారు. “బాబుగారూ, తమరు గొడవలు పడకూడదండీ” అన్నారు. తర్వాత వలస వచ్చినవాళ్ళవైపు చూసి, “ఒరేయ్, మీక్కూడా చెప్పేది! ఒళ్ళు దగ్గర పెట్టుకోండ్రా” అన్నారు.

వాళ్ళలో ఒకడు లేచి, “మమ్మల్నీ ‘అండీ’ అంటే మీ సొమ్మేటి పోద్దండీ?” అని అడిగాడు.

అధ్యక్షులవారు వేదిక దిగి వచ్చి వాడి చెంప పగలగొట్టారు. రెండో దెబ్బకు లేచిన ఆ చేతిని రెండు వైపుల కుర్రాళ్ళూ కలిసి పట్టుకుని ఆపారు. వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదే.

కుర్రాళ్ళను కలిపినందుకు మర్నాడు అధ్యక్షులవారికి కమిటీ శాలువా కప్పింది.