అమ్మ చెప్పని తొమ్మిది జవాబులు

ఎద్దులు రెండు. మేకలు పదకొండు. చేను రెండెకరాలు. నాయన. చివరగా మూడేళ్ల మా చెల్లెలు. యాభైల మొదట్లో వానల్లేని రెండేళ్లలో మా ఇంట్లో పోయినవి ఇవి. నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. కూడికలూ తీసివేతలూ అంగడి ముందు నిలబడి, తూకాలు చూసి నేర్చుకున్నాను. అందుకే ఏ లెక్కా తప్పు పోనివ్వను.

మేముండేది ఉదయగిరి కొండ కింద. ఆత్మకూరు నుంచి ఫాదరుగారు నెలకొకసారి వచ్చి పూజ చేసేవారు. అమ్మకు జ్ఞానస్నానం పసితనంలోనే అయింది గానీ, నలభై ఏళ్లొచ్చినా, క్రీస్తు శరీరమని ఫాదరుగారు నోట పెట్టే సత్ప్రసాదం అందలేదు. జ్ఞానోపదేశం పుస్తకంలోని డెబ్బై రెండు ప్రశ్నలకూ జవాబులు అప్పజెప్పాలని, ఊళ్లో ఆ పాఠాలు చెప్పే మా ఉపదేశి పట్టు. అమ్మకు చదువు రాదు. అందరూ ముందుకు వెళ్తుంటే ఆమె గోడ దగ్గరే ఉండిపోయేది. బాప్టిస్టు అయిన పక్కింటామె ఊరుకునేది కాదు.

"ఏందక్కా, మీ సామి పాఠం అప్పజెప్తేగానీ ముద్ద పెట్టడా?"

చెల్లెల్ని పూడ్చిపెట్టి వచ్చాక, ఈ క్రిస్మస్‌కు సత్ప్రసాదం తీసుకుంటానని అమ్మ తేల్చి చెప్పింది. ఉపదేశి పిల్లలకు చెప్పేటప్పుడు విని నాకవన్నీ వచ్చు కాబట్టి నేర్పడం నా వంతు. ఒకటో జవాబు, రెండో జవాబు అంటూ వరసగా నేర్పాను. సజ్జలు విసురుతూ ఆమె ఆ వరసలోనే చెప్పేది. మూడు నెలల్లో డెబ్బై రెండూ వచ్చేశాయి.

అప్పజెప్పడానికి ఆత్మకూరు వెళ్తే, ఫాదరుగారు ముందే నలభై ఒకటోది అడిగారు. అమ్మ ఒకటోదాని నుంచి గొణుక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత పదిహేడోది, అరవయ్యోది. తొమ్మిది అడిగారు, ఒక్కదానికీ జవాబు లేదు. తప్పు నాది. నేను నేర్పింది వరసే, ప్రశ్నలు కావు. మొదటి నుంచి అడగమని బతిమాలాను.

"మొదట్నించి చెప్పేదానికి ఇదేమన్నా ఎక్కమారా?" అన్నాడు పక్కనే ఉన్న ఉపదేశి.

ఫాదరుగారు పుస్తకం మూశారు. "దేవుడెవరో తెలియకుండా ఆయన్ని ఎట్లా తీసుకుంటావమ్మా?"

అమ్మ అప్పుడు తలెత్తింది.

"బిడ్డ కడుపులో ఉన్నప్పుడు అదెవరో నాకు తెలవదు సామీ. నల్లదో ఎర్రదో తెలవదు. దానికోసరం కూడు తిన్నాను, దానికోసరం పక్కకు తిరిగి పండుకున్నాను. ప్రేమ ముందు పుట్టింది, మొకం తర్వాత చూసినాను. ఆ బిడ్డను ఆయనే తీసకపోయినాడు. అయినా ఆయన మీద నా మనసు ఇరగలా. ఇంకేం తెలవాల?"

మర్యాదగా మాట్లాడమని ఉపదేశి గదిమాడు. అమ్మ కదల్లేదు. ఇవ్వకుంటే వచ్చే నెలా వస్తానని, ఆపై నెలా వస్తానని చెప్పింది. ఫాదరుగారు పుస్తకం పక్కన పెట్టేశారు. చివరికి, పండగనాడు ముందుకు రమ్మన్నారు. ఆ తొమ్మిదీ తర్వాత చెప్పవచ్చన్నారు.

పండగనాడు అమ్మ అందరికంటే ముందు మోకరించింది. ఉపదేశి మాత్రం తన నోటుబుక్కులో ఆమె పేరు పక్కన తొమ్మిది వేసుకుని, కలిసినప్పుడల్లా గుర్తుచేసేవాడు. చూద్దాంలే అనేది అమ్మ. ఈసారి వరస లేకుండా నేర్పుతానని నేనంటే నవ్వింది.

"ఆయనకు నేను తెలుసు, నాకు ఆయన తెలుసు. మా నడాన నీ నంబర్లు ఎందుకురా?"

ఫాదరుగారు బదిలీ అయిపోయారు. ఉపదేశి పోయాడు, అమ్మా పోయింది. ఆ జవాబులు నాకు కంఠతా వచ్చు. ఆమె పేరన ఎవరికైనా అప్పజెప్పి ఆ అంకె కొట్టేయించవచ్చు. కొట్టేయించను. నేటికీ అమ్మ చెప్పాల్సినవి తొమ్మిది.