కుస్కోలో మిరపకాయల ఘాటు

విమానం దిగి పెరూ దేశంలోని కుస్కో నేల మీద కాలు పెట్టగానే మా ఏరాలు నా భుజం పట్టుకుంది. ఆరేళ్ల తర్వాత ఆమె చెయ్యి నాకు తగలడం అదే మొదలు. నిలబడలేక పట్టుకుందే తప్ప ప్రేమతో కాదు, ఆ మాత్రం నాకూ తెలుసు. పట్టుకున్నది నన్నేనని చూసుకోగానే నిప్పు తగిలినట్టు వదిలేసి, పక్కనున్న సామాన్ల బండిని పట్టుకుంది. పడితే బాగుండుననుకున్నాను.

ఏరాలంటే మా బావగారి భార్య. గద్వాలలో ఒకే గోడకు ఇటు ఆమె, అటు నేను. ఆమె పెద్దకూతురు పాకడం మొదలుపెట్టగానే తను మళ్లీ మగ్గమెక్కింది, పిల్లను నా ఒళ్లో పడేసింది. నీళ్లు పోసింది నేను, బువ్వ తినిపించింది నేను, జడ వేసి బడికి తోలింది నేను. ‘చిన్నమ్మా’ అని తప్ప ఆ పిల్ల నోట ఇంకో పిలుపు ముందు రాలేదు. నాకు మాత్రం పిల్లలు కలగలేదు. ఆ పిల్ల పెద్దమనిషైన నాడు పసుపు గిన్నె పట్టుకుని నేను ముందుకు పోతే, వాడకట్టు ఆడవాళ్లందరూ చూస్తుండగా మా ఏరాలు ఆ గిన్నె లాక్కుంది. నీ కన్ను మంచిది కాదు, దూరముండు అంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. నన్ను మొగుడు ఏనాడూ కొట్టలేదు. ఆ రోజు నవ్వింది తోడికోడలొక్కతే కూడా కాదు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

ఇప్పుడు ఆ పిల్లకే పెళ్లి కుదిరింది. మేం తిరిగి వెళ్లిన నెలకు ముహూర్తం. నలుగు పెట్టే నాడు ఆ పిల్ల చెంపకు పసుపు రాయాలి, అంతే నాకు కావలసింది. చీర వద్దు, మర్యాద వద్దు. నలుగుకు రమ్మన్న ఆ ఒక్క మాట ఆమె నోటి నుంచి రావాలి. దాని కోసమే సముద్రాలు దాటి ఆమె పక్క సీట్లో కూర్చుని వచ్చాను. లోకం చూడాలన్న సరదా నాకేమీ లేదు.

ఇక్కడి జనం ముందు మగ్గం నేసి చూపించడానికి మమ్మల్ని తెచ్చింది ఒక చేనేత బృందం. నాలుగైదు ఊళ్ల నేతగాళ్లు, వెంట ఒక సారు. మా గద్వాల చీర ఒక్కరి చేతిలో అయ్యేది కాదు. నడుమ నూలు, అంచు పట్టు. పోగు పోగుకూ ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. దానికి మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, ఇద్దరి గుంజుడు ఒక్కతీరుగా ఉండాలి. ఆడవాళ్ల జోడీ కావాలన్నారట, గొడవకు ముందు మేమిద్దరం నేసిన చీరలు ఎవరికో గుర్తొచ్చాయి. మా మధ్య మాటల్లేవన్న సంగతి సారుకు ఎవరూ చెప్పలేదు.

కుస్కో గొప్ప పాత ఊరట. బస్సు దిగీదిగగానే గైడు ఒక రాతి గోడ దగ్గర నిలబెట్టి, రాళ్ల మధ్య సున్నం లేదు, సూది కూడా దూరదు అని చెప్పాడు. సారు దాన్ని తెలుగులో మళ్లీ చెప్పాడు. దూరకపోతే పోనీ, గోడలో సూదితో ఎవరికేం పని? చలికి నా పళ్లు కొట్టుకుంటున్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు నడుస్తూనే కదురు తిప్పుకుంటూ ఉన్ని వడుకుతున్నారు. పోగు సన్నగా, చక్కగా వస్తోంది. ఆ సంగతి నేనెవరితోనూ అనలేదు.

అక్కడే, ఆ గొప్ప గోడ మొదట్లోనే మా ఏరాలు వాంతి చేసుకుంది. గైడుకు అదేం వింత కాలేదు. ఊరు చాలా ఎత్తు మీద ఉంది, గాలి పలుచన, కొత్తవాళ్లకు తల నొప్పి మామూలే, పడుకుంటే తగ్గుతుందన్నాడు. హోటల్లో ఏదో ఆకు వేసి మరిగించిన నీళ్లు ఇచ్చారు. ఆమె ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది. ఎత్తుకే నొప్పి వస్తే బస్సులో ఉన్న అందరికీ రావాలి కదా, తనొక్కదానికే ఎందుకు వచ్చిందని సారును అడిగింది. అడిగింది సారును, చూసింది నన్ను.

మా ఇద్దరికీ ఒకటే గది. పొద్దు వాలేసరికి ఆమె మొహం తెల్లబడింది. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చుంది.

“దిష్టి తియ్యి,” అంది.

ఆరేళ్లకు నాతో మాట్లాడిన మొదటి మాట అది. నా కన్ను మంచిది కాదు కదా, నాతో ఎందుకన్నాను.

“నీ కన్నే తగిలింది. నువ్వే తియ్యాలె. అందరి కన్ను అను, నీ కన్ను గూడ అను.”

ఆ తలగడతోనే నొక్కేద్దామా అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ మా వైపు అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. దిష్టి తగిలి ఉంటే, తిప్పిన మిరపకాయలు నిప్పుల్లో వేసినా ఘాటు రాదు. దిష్టి లేకపోతేనే ముక్కులు పగిలిపోతాయి.

“ఘాటొస్తే నా కన్ను గాదని ఒప్పుకుంటవా? పిల్ల నలుగుకు పిలుస్తవా?” అన్నాను.

ముందుగాల తియ్యమంది. ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చడి సంచిలో ఎండు మిరపకాయలున్నాయి. కింద భోజనాల గదికి పోయి ఉప్పు తెచ్చాను. ఆమె చుట్టూ మూడుసార్లు తిప్పుతూ ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, దారి దిష్టి అన్నాను. నా దిష్టి అని కూడా అన్నాను, గట్టిగానే అన్నాను. తిప్పడం అయ్యాక పొయ్యి ఎక్కడుందని వెతికితే, గదిలో ఎర్రగా కాలే కరెంటు హీటరొకటే కనబడింది. దాని తీగల మీద పడేశాను.

ఇక చూడాలి ఆ హోటలు. పొగ లేచింది, గది నిండింది, తలుపు సందుల్లోంచి వరండాలోకి పోయింది. అసలే గాలి చాలని ఊరు. పక్క గదుల తెల్లవాళ్లు దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి ఉరికారు. హోటలు మనిషి తడి తువ్వాలుతో వచ్చి హీటరు తీగ పీకేశాడు. సారు తుమ్ముల మధ్య నన్ను తిట్టిన తిట్లలో సగం అర్థమే కాలేదు. తిట్టనీ. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, నాకేమో నవ్వు ఆగడం లేదు. అంత ఘాటు నా జన్మలో ఎరగను.

అందరూ సర్దుకున్నాక ఆమె మంచం దగ్గరికి పోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

“ఘాటొచ్చిందక్కా,” అన్నాను.

“వచ్చింది.”

“మరి నలుగుకు రావాల్నా?”

చాలాసేపు దగ్గింది. “పెండ్లికి రా. తిని పో. నలుగుకు వద్దు,” అంది.

అప్పుడు తెగించాను. ఆ పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా ఎవరి భుజం మీద పడుకుందని అడిగాను. దవాఖానకు ఎవరు ఎత్తుకుపోయారని అడిగాను. ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఎవరి చేతి ముద్ద తిని పెరిగిందని అడిగాను. అడిగినదానికల్లా నువ్వే అని తలాడించింది, ఏదీ కాదనలేదు.

“మరి అప్పుడు నా కన్ను ఏడవోయింది?” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

“అప్పుడు నీకు గూడ పిల్లలైతరనుకున్నం.”

తెల్లవారి ఆమె తల నొప్పి తగ్గింది. ఇద్దరం మగ్గం మీద కూర్చుని, చుట్టూ జనం చూస్తుండగా అంచు పట్టించాం. ఎక్కడా ముడత రాలేదని సారు మెచ్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చాక, నలుగు నాడు నేను గోడకు ఇవతల మా ఇంట్లోనే ఉన్నాను. పిలిచినా పోయేదాన్ని కాదని అడిగిన వాళ్లందరితో అన్నాను. అబద్ధం. ఎవరైనా ఒక్క కేక వేసి ఉంటే పరుగెత్తేదాన్ని.