లెక్కలాటల రాఘవయ్య పంతులు

నిన్న పొద్దున ఎదురింటివాళ్లు గడపకూ అరుగుకూ జాజు పూశారు. ఎర్రమట్టి మీద నీళ్లు పడగానే లేచే ఆ చల్లటి వాసన కిటికీలోంచి వచ్చి నా మంచం దాకా పాకింది. డబ్బాల్లో రంగులు దొరికే ఈ రోజుల్లో జాజు పూసేవాళ్లు మా ఇబ్రహీంపట్నంలో ఇంకా ఉన్నారంటే సంతోషమే. ఆ వాసన తగిలితే అందరికీ పండుగలు గుర్తొస్తాయి కాబోలు. నాకు మాత్రం ఒక లెక్క గుర్తొస్తుంది. ఆ లెక్కతో పాటే, తెల్లటి ధోవతి మీద ఎర్రటి మరకలు చేసుకుని చిన్నపిల్లాడిలా నవ్విన రాఘవయ్య పంతులుగారు గుర్తొస్తారు.

ఆయన్ని చూసినవాళ్లు నేను తప్ప ఇప్పుడు ఊళ్లో లేరనే చెప్పాలి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచే మనిషి. భార్య చిన్నతనంలోనే పోయింది, పిల్లల్లేరు. మా ఇంటి పక్క ఇల్లే ఆయనది. నిజాం రోజుల్లో ఇక్కడి బడిలో చదువంతా ఉర్దూలోనే సాగేది. ఆయన పగలంతా ఆ బడి పిల్లలకు ఉర్దూలో హిసాబు, అంటే లెక్కలు, చెప్పి, సాయంత్రం అరుగు మీద కూర్చుని తెలుగులో లెక్కల పొడుపులు అల్లేవారు. హైదరాబాదులో అచ్చయ్యే ఒక తెలుగు వారపత్రికలో అవి 'లెక్కలాట' అన్న పేరుతో వచ్చేవి. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. ఆ పొగబస్సు డ్రైవరు చేతిలో కాగితం పెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసేవారట. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆయనకు జవాబులు వచ్చేవి. 'లెక్కల పంతులు, ఇబ్రహీంపట్నం' అని రాస్తే చాలు, చేరిపోయేవి.

పొడుపు ఏదైనా పత్రికకు పంపే ముందు ఆయన దాన్ని దారిన పోయేవాళ్లకు చెప్పి చూసేవారు. గొర్రెలు తోలుకుపోయేవాళ్లను ఆపేవారు, బండ్లవాళ్లను ఆపేవారు. మా అరుగు మీద బట్టలు కుట్టుకునే మహబూబ్‌బీని అయితే రోజూ వదిలేవారు కాదు. విన్నవాళ్లకు ప్రశ్న అర్థం కాకపోతే "తప్పు నాదే, సరిగ చెప్పలే" అని మళ్లీ మొదటి నుంచి రాసుకునేవారు. బడిలో లెక్కలంటే వణికిపోయే పిల్లలు సాయంత్రం ఆయన అరుగు చుట్టూ మూగేవారు. "లెక్కంటె భయమైతది గని, ఆటంటె ఎవనికి భయం?" అనేవారు ఆయన.

లెక్కలు వచ్చినదానిగా నేను ఆయనకు తెలిసింది ఒక తలుపు వెనకనుంచి. పదిహేడేళ్లకే బొంగులూరు అత్తగారింటి నుంచి పుట్టింటికి తిరిగొచ్చాను. పెళ్లయిన మరుసటి ఏడాదే నా భర్త విషజ్వరంతో పోయాడు. అప్పటికి మా నాయన లేడు. ఇంటికి పెద్ద మా అన్న జంగారెడ్డి. అన్న చెడ్డవాడు కాదు. నన్ను కసరలేదు, కడుపునిండా అన్నం పెట్టాడు. కానీ మా ఇళ్లలో విధవరాలు ముందు వాకిట్లోకి రాకూడదు, శుభకార్యానికి ఎదురు పడకూడదు, గడప ముందు ముగ్గు వేయకూడదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా నాకు చేయడానికి పనులుండేవి, తలచుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఒక సాయంత్రం పంతులుగారు మహబూబ్‌బీని పట్టుకున్నారు. అయిదు సేర్ల కుండ ఒకటి, మూడు సేర్ల కుండ ఒకటి ఉన్నాయి, వేరే కొలత లేదు, సరిగ్గా నాలుగు సేర్ల పాలు పోయాలి, ఎలా అని.

"నా దిమాక్ తినకు పంతులూ. పాలు అందాజగ పోస్త, తీసుకునేటోడు తీసుకుంటడు" అంది మహబూబ్‌బీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

తలుపు సందులో నిలబడి వింటున్న నా నోరు ఆగలేదు. "పెద్ద కుండ నింపి చిన్నదాంట్ల పోస్తె రెండు మిగుల్తయి. చిన్నది ఖాళీ చేసి ఆ రెండు అండ్ల పోయాలె. మళ్ల పెద్దది నింపి, చిన్నదాంట్ల తక్కువున్న ఒక్క సేరు పోస్తె, పెద్దదాంట్ల నాలుగుంటయి" అన్నాను.

అన్నకు తెలిస్తే ఏమంటాడో అని తలుపు దగ్గరకు లాగాను. అప్పుడు పంతులుగారి గొంతు వినిపించింది. "ఇంకోపారి చెప్పు బిడ్డా. నేను పట్టిన జవాబు మస్తు పొడుగున్నది, నీది పొట్టిగున్నది. నీది బాగుంది."

పెళ్లయిన నాటి నుంచీ నన్నెవరూ ఏ విషయంలోనూ బాగుందనలేదు. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా ఆ మాటే చెవిలో మోగింది.

ఆ తర్వాత రెండిళ్ల దొడ్లకూ మధ్యనున్న పొట్టి గోడ నా బడి అయింది. నాకు మా అమ్మ నేర్పిన అక్షరాలు తప్ప వేరే చదువు లేదు. పంతులుగారు సూత్రాలు నేర్పలేదు. ఒక పొడుపు చెప్పి వెళ్లిపోయేవారు. మరునాడు నేను జవాబు చెబితే తలాడించి, "జవాబు సరే. గట్లనే అయితదని నీకెట్ల తెల్సింది?" అని అడిగేవారు. మొదట్లో ఆ ప్రశ్నకు చిరాకు పడేదాన్ని. జవాబు దొరికాక ఇంకా ఎందుకీ ఆరా అనుకునేదాన్ని. రానురాను నాకు జవాబు కన్నా ఆ ప్రశ్నే రుచించింది. అన్నం వార్చేటప్పుడు, పిండి విసిరేటప్పుడు, తలలో ఏదో ఒకటి తిరుగుతూ ఉండేది. రోజు ఎప్పుడు గడిచిందో తెలిసేది కాదు.

జాజు సంగతి ఆ రోజుల్లోదే. పంతులుగారు పత్రికలో ఒక లెక్క ఇచ్చారు. ఒక వాకిలి, అటు ఆరు, ఇటు ఆరు గళ్లు. ఐమూలగా ఎదురెదురు మూలల్లో ఒక గడిలో తులసికోట, ఇంకో గడిలో రోలు ఉన్నాయి. మిగిలిన గళ్లన్నీ షాబాదు బండలతో పరవాలి. ఒక్కో బండ పక్కపక్కనున్న రెండు గళ్లను కప్పుతుంది. బండ పగలగొట్టకుండా పరిచే తీరు చెప్పండి, జవాబు వచ్చే వారం అని అచ్చయింది. తేలికే అనుకుని, ఎప్పటిలా ఎవరికీ చెప్పి చూడకుండా, తాను కూడా చేసి చూడకుండానే పంపేశారాయన. తీరా కూర్చుంటే కుదరలేదు. ఎలా పరిచినా చివరికి ఎక్కడో ఒక గడి, ఇంకెక్కడో ఒక గడి మిగిలిపోతున్నాయి. బస్సుకు కాగితం ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. గోడ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన మొహం వాడిపోయి ఉంది.

"అండాలూ, ఊరూరి జనం నా జవాబు కోసం సూస్తున్నరు. నాకు రాలే" అన్నారు.

ముందు వాకిట్లో నాకు ముగ్గు లేదు కానీ దొడ్డి నాదే. నేల అలికి, ముగ్గుపిండితో గళ్లు గీశాను. కంటికి తేడా తెలియాలని ఒక గడి విడిచి ఒక గడిలో జాజు, మిగతా గళ్లలో ముగ్గుపిండి నింపాను. చెక్కముక్కలు బండలుగా పెట్టి చూస్తూ ఉంటే ఉన్నట్టుండి చేయి ఆగిపోయింది. ఎక్కడ పెట్టినా ప్రతి చెక్క కిందా ఒక ఎర్ర గడి, ఒక తెల్ల గడి. తప్పదు. కానీ తులసికోట ఉన్నదీ తెల్ల గడే, రోలు ఉన్నదీ తెల్ల గడే. అంటే ఎర్రవి పద్దెనిమిది, తెల్లవి పదహారే మిగిలాయి. ఇక జత ఎలా కుదురుతుంది?

గోడ మీంచి పంతులుగారిని పిలిచాను. ఆయన గోడ దాటి వచ్చి, తడి జాజులోనే చతికిలబడి, ఒక్కో గడీ వేలితో తాకి చూశారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. "ఎవ్వడు పరవలేడు! బ్రహ్మదేవుడొచ్చినా పరవలేడు! లేదని చెప్పుడు గూడ జవాబే బిడ్డా, దానికి కారణం దొరికితె!" ధోవతి నిండా ఎర్రమరకలతోనే ఇంటికి పోయి కాగితం రాసుకున్నారు.

మరుసటి వారం పత్రికలో ఇలా ఉంది: గత వారం నేను ఇచ్చిన లెక్క కుదరదు, కుదురుతుందని అనుకోవడం నా తప్పు, ఎందుకు కుదరదో కనిపెట్టి చెప్పినవారు ఇబ్రహీంపట్నం వాస్తవ్యులు అండాళమ్మగారు.

నా పేరును అచ్చులో చూడటం అదే మొదలు. చూసిన సంతోషం పూటైనా నిలవలేదు. పక్కనున్న శేరిగూడలో ఎవరో అన్నను ఆపి, మీ ఇంటి ఆడమనిషి పేరు పేపర్లకెక్కిందట కదా అని వెటకారం చేశారు. అన్న నేరుగా పంతులుగారి అరుగు దగ్గరికి పోయాడు. నేను లోపల నిలబడి విన్నాను.

"మొగుడు పోయిన పిల్ల పేరు బజార్ల పెడ్తవా పంతులూ? ఊరు ఏమనుకుంటదో జర సోంచాయించినవా?"

"నిన్ను అడగకపోవుడు తప్పే జంగన్నా. మాఫ్ చెయ్యి. గని పేరు పెట్టకపోతె అది నేను కనిపెట్టిన్ననుకుంటరు. నీ చెల్లె సొమ్ము నేనెట్ల ఎత్తుకపోత?"

అన్న ఇంటికొచ్చాడు. ఆ రోజే దొడ్డి గోడ మీద మనిషెత్తు ముళ్లకంప పెట్టించాడు.

ఆ తర్వాతి నెలలు నాకు బొంగులూరు నుంచి తిరిగొచ్చిన రోజులకన్నా కష్టంగా గడిచాయి. అప్పుడు పోగొట్టుకున్నది నాకు సరిగా పరిచయమే లేని కాపురం. ఇప్పుడు పోయినది నాకు రుచి తెలిసినది. ఒక రోజు మహబూబ్‌బీ కుట్టిన రవికలు ఇవ్వడానికి లోపలికి వచ్చి నా దగ్గర కూలబడింది. "అమ్మా, గా పంతులు ఒక లెక్క చెప్పి, నీకు చెప్పుమన్నడు. తొవ్వల మర్సిపోతనేమోనని పాటోలె పాడుకుంట వచ్చిన" అని గడగడా అప్పజెప్పింది. అలా నాలుగు రోజులకొకసారి ఆమె నోటి మీద లెక్క లోపలికి వచ్చేది, జవాబు బయటికి పోయేది. కొన్నాళ్లకు ఆమె కూడా జవాబు చెబుతుంటే మధ్యలో ఆపి, "గట్ల ఎట్లయితది? మంచిగ చెప్పు" అని నిలదీయసాగింది.

అన్న మనసు మారింది కూడా ఒక లెక్కతోనే. ఒక తండ్రికి చదరపు చెలక, అంటే మెట్టచేను, ఒకటి ఉంది. అందులో ఒక మూల చదరంగా పావువంతు కోసి బిడ్డకు ఇచ్చాడు. మిగిలినదాన్ని నలుగురు కొడుకులకు ఒకే కొలతలో, ఒకే ఆకారంలో పంచాలి. పత్రిక వచ్చిన రోజు నుంచి ఊళ్లో భూమున్నవాళ్లంతా దాని మీదే పడ్డారు. "బిడ్డకు పావువంతు ఎవడిస్తడు?" అని మొదట అన్న విసుక్కున్నాడు. తర్వాత నాగలి చాళ్ల మీద కర్రతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. అన్నం ముందు కూర్చుని కంచంలో గీసేవాడు. చివరికి ఒక తెల్లవారుజామున నేను పొయ్యి ముట్టిస్తుంటే వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"గా చెలక లెక్క నీకు వచ్చిందా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను బొగ్గుతో నేల మీద గీశాను. మిగిలిన చెలక ఏ ఆకారంలో ఉందో అదే ఆకారాన్ని చిన్నది చేసి నడిమధ్యలో ఒకటి పెడితే, మూడు మూలల్లో అలాంటివే మూడు పడతాయి. అన్న వంగి చాలాసేపు చూశాడు. "అరే" అన్నాడు. మళ్లీ "అరే" అన్నాడు. నవ్వు ఆపుకోవాలని చూశాడు కానీ ఆగలేదు. మధ్యాహ్నానికి గోడ మీది కంప తీయించాడు. ఆ లెక్క కావాలనే అన్న కోసం ఇచ్చారా అని తర్వాత పంతులుగారిని అడిగాను. "మీ అన్న కోసమెందుకిస్త? లెక్క మంచిగుంటె ఇచ్చిన" అన్నారు. ఆ మాట నేను నమ్మలేదు.

ఆ తర్వాత కొన్ని లెక్కలు నేనూ కట్టాను. ఈసారి అన్నను అడిగే నా పేరు వేశారు. కానీ రోజులు బాగాలేవు. నిజాం రాజ్యం చివరి ఏడాది ఊళ్లన్నీ భయంతో ముడుచుకుపోయాయి. పత్రిక ఆగిపోయింది, బస్సు ఆగిపోయింది, బడికి తాళం పడింది. రాయడానికి చోటు లేక పంతులుగారు చిక్కిపోయారు. పైగా విడవని దగ్గు పట్టుకుంది. పోలీసు చర్య అయిపోయి, దారులు తెరుచుకున్నాక అన్నే బండి కట్టించి ఆయన్ని హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్తానన్నాడు. బయలుదేరే రోజు నేను బండి దాకా వెళ్లాను. ముందు వాకిలి దాటి, అందరూ చూస్తుండగానే వెళ్లాను.

"ఒక లెక్క ఇస్త, ఉంచుకో" అన్నారాయన, గడ్డి పరుపు మీద వెనక్కి ఒరుగుతూ. "ఆరును విడిస్తె, ఆరును భాగించేవి ఒకటి, రెండు, మూడు. కలిపితె మళ్ల ఆరే. ఇర్వయెనిమిది గూడ గట్లనే. ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పద్నాలుగు కలుపు, ఇర్వయెనిమిదే వస్తది. గిట్లాంటివి ఇంక కొన్ని దొరికినయి. అన్నీ సరి సంఖ్యలే. బేసి సంఖ్య ఒక్కటన్న ఉన్నదా, లేదా?"

"మీకు తెల్సా?"

"నాకు తెల్వదు. లోకంల ఎవ్వనికి తెల్వదంట."

"అయితె నాకెందుకిస్తున్నరు?"

దగ్గు తెర తగ్గేదాకా ఆగి, నవ్వారు. "జల్ది అయిపోయేది ఇస్తె నువ్వు అవుతల పడేస్తవు. గిది అయిపోదు. తోడుంటది."

అన్న బండి పక్కన నిలబడి అంతా విన్నాడు. ఎడ్లను అదిలించే ముందు నా వైపు తిరిగి, "ఇంట్లకు పో అండాలూ, ఎండున్నది" అన్నాడు. గొంతు బాగా మెత్తబడి ఉంది. పంతులుగారు తిరిగి రాలేదు. ఆ చలికాలమే దవాఖానలో పోయారు.

తర్వాత కొత్త పత్రికలు వచ్చాయి. వాటిలో నేను చాలా ఏళ్లు లెక్కలాటలు రాశాను. ఆడపిల్లల బడి పెట్టినప్పుడు అన్నే నన్ను తీసుకెళ్లి అక్కడ లెక్కలు చెప్పడానికి చేర్పించాడు. ఇప్పుడు అన్న లేడు, మహబూబ్‌బీ లేదు. మొన్న మా అన్న మనవరాలు వచ్చి, కంప్యూటర్లు ఊహకందనంత పెద్ద సంఖ్యల దాకా వెతికాయనీ, అలాంటి బేసి సంఖ్య ఇంకా దొరకలేదనీ చెప్పింది. "ఇంకా నువ్వెందుకమ్మమ్మా, ఈ వయసులో?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. అది వెళ్లాక తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని, ముందురోజు ఆపిన చోటి నుంచి ఆ లెక్క మళ్లీ మొదలుపెట్టాను.